ఖాళీ హాలుకు వెచ్చన, నేలకింద గదికి వీలునామా

మనిషి లేని హాలుకు వెచ్చదనం, అద్దె కట్టి నేలకింద గదిలో బతికే మనిషికి గడ్డకట్టే చలి. మా ఇంటి యజమాని మర్రే థోర్లక్సన్ గారు అరిజోనా ఎండలో కూర్చుని ఫోన్‌తో చేస్తున్న ఘనకార్యం ఇది. కాబట్టి కెనడాలోని సాస్కటూన్ వాసిని, గ్యాస్ ఫిట్టర్‌ని, ఇరవై నాలుగేళ్ల డారియా హ్రిట్సాక్ అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బుర్ర బాగానే ఉంది, వేళ్లే మాట వినడం లేదు. ఈ వయసులో వీలునామా ఏమిటనేవాళ్లు ఒక్కసారి నా గదిలో నడుం వాల్చి చూడండి.

1. మర్రే గారికి: హాల్లో గ్యాస్‌తో మండే ఆయన ఫైర్‌ప్లేస్‌కి, వేడిని గదిలోకి ఊదేలా నా చేతులతో బిగించిన చప్పుడు లేని ఫ్యాన్ల కీర్తి మొత్తం. పాత ఫ్యాన్ ట్రాక్టరులా గుర్రుమనేది, మంట వెలుగుతోందని వీధంతటికీ తెలిసేది. ఇప్పుడు అరిజోనాలో ఫోన్ నొక్కితే ఇక్కడ వెలుగుతుంది. ఆర్పడం మరిచిపోయినా ఎవరి చెవినా పడదు. ఎంత అభివృద్ధి!

2. ఆయన భార్య లోర్నా గారికి: నా ఉన్ని కంబళి. పాపం, ఈతకొలను పక్కన కూర్చుని, ఫోన్‌లో సొంత హాలు మంట చూసుకుంటూ "అబ్బ, మనింట్లో ఉన్నట్టే ఉందండీ!" అని మురిసిపోతారట. ఆ మంటకు హాలు వేడెక్కగానే, అదే హాలు గోడమీదున్న థర్మోస్టాట్ ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని, నా గదితో సహా అన్ని గదులకూ వేడి పంపే పెద్ద హీటర్‌ని ఆపేస్తుంది. కింద నా కిటికీకి లోపలివైపు మంచు పేరుకుంటుంది. బిగించిన రోజే చెప్పాను. "స్వెటర్ వేసుకో అమ్మాయ్. నా గోడమీద చెయ్యేశావో, గది ఖాళీ చెయ్యాల్సిందే" అన్నారు మర్రే గారు. వేసుకున్నాను, మూడు. అవీ ఆయనకే.

3. మా అమ్మమ్మ పరాస్కాకు: నా మంచం, నా పనిముట్లు, ఫ్రీజర్‌లో దాచిన బంగాళదుంప కూరిన పెరోగీ కుడుములు. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉంది. శనివారం నా గదికే వస్తుంది, వేరే చోటు లేదు. "నీ గది వెచ్చగానే ఉంటుందా తల్లీ?" అని నిన్న అడిగింది. "పొయ్యిలా ఉంటుంది అమ్మమ్మా" అన్నాను. ఆ అబద్ధాన్ని మాత్రం ఎవరికీ రాసివ్వను. నిజం చేస్తాను.

4. దీన్ని అమలు చేసే బాధ్యత మర్రే గారిదే, నేను పోయాక కాదు, ఇప్పుడే. థర్మోస్టాట్‌ను నా గదిలోకి మార్చడానికి ఒప్పుకుని, పై అంతస్తు తలుపు తాళం తెరిచే అంకెలు నాకు పంపాలి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా జవాబు రావాలి. రాకపోతే, మీ ఫైర్‌ప్లేస్‌కి గ్యాస్ వెళ్లే గొట్టం నా మంచం మీదుగానే పోతోంది, వాల్వ్ చేతికందుతుంది. కట్టేస్తాను. హాలు చల్లబడి పెద్ద హీటర్ దానంతటదే పనిలోకి దిగుతుంది. గది ఖాళీ చెయ్యమనాలంటే శనివారం స్వయంగా వచ్చి మా అమ్మమ్మ ముఖంమీద చెప్పండి.

సాస్కటూన్, 2025 జనవరి 14, మంగళవారం.

(సంతకం) డారియా హ్రిట్సాక్

సాక్షులు: ఎదురింటి వినిఫ్రెడ్ ఒకెమా, నాతో పనిచేసే లైల్ ఫెడోరుక్. ఇద్దరూ నా గదిలోనే, కోట్లు విప్పకుండా సంతకం చేశారు.