బట్టీ పట్టిన అట్ట

నువ్వు నన్ను మోసం చేశావక్కా. నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి రోజూ క్యారేజీ తెస్తూ, గోడమీది అక్షరాల అట్టంతా బట్టీ పట్టావు. నేను నీ కళ్ళు పరీక్ష చేస్తే గడగడా చదివేశావు. సోడాబుడ్డి అద్దాలు తప్పించుకోవాలని! మాచర్ల రోడ్డు మీద లారీ దగ్గరకొచ్చేదాకా నీకు కనపడలేదు. నీ నోటుబుక్కులో ఆ వరసలు పెద్ద పెద్దగా రాసుండటం నువ్వు పోయాకే చూశా.

ఇప్పుడు నరసరావుపేటలో సొంత షాపు పెట్టా, చూపు మరీ తక్కువున్నోళ్ళ కోసం. "ఒరేయ్, అట్టాంటోళ్ళు ఎంతమందుంటార్రా? ఈగలు తోలుకో" అన్నాడు పాత ఓనరు.

నిన్న ఈపూరు నుంచి ఒకామె ఇంటర్ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. అన్ని షాపుల్లో ఉండే అట్టే, ఆ పిల్ల అంతా తప్పు లేకుండా చదివింది. అనుమానమొచ్చి వేరే అట్ట తగిలించా. మళ్ళీ పాత అక్షరాలే అప్పజెప్పింది.

"ఏమే, ఎవర్ని మోసం చేద్దామని?" అని వాళ్ళమ్మ నెత్తిన మొట్టింది.

మందం అద్దాలు పెడితే ఎదురు షాపు బోర్డు చదివింది. వెంటనే తీసేసింది. "ఇవి పెట్టుకుంటే కాలేజీలో నన్ను బతకనిస్తారా అన్నా?"

చానా కోపమొచ్చింది. అద్దాలకి కొలతలు తీసుకుని శుక్రవారం రమ్మన్నా.

అద్దాలు చెయ్యటం చూసి చూసి నేర్చుకున్నా. ఏం చెబితే పెట్టుకుంటుందో ఎవరూ నేర్పలా. నిన్ను పరీక్ష చేసిన రోజు నేనేం చెప్పుంటే నువ్వు పెట్టుకునేదానివి? గురువారం సాయంత్రంలోపు నాకు చెప్పు.