కన్నయ్యకు ఎక్కువైన నీలం

జూన్ 9
రేపు నందిగామలో కుడికంటికి శుక్లం ఆపరేషన్. విజయవాడ ప్రదర్శనకు ఇవ్వాల్సిన బొమ్మ ఈ సాయంత్రమే పూర్తయింది. యశోద ఒళ్ళో నిద్రపోయిన కృష్ణుడు. భయంగా ఉంది. చూపు పోతే ఇదే నా చివరి బొమ్మ... యశోద ముఖాన్ని వదల్లేక వదల్లేక వదిలాను.

జూన్ 10
అయింది. కంటికి కట్టు. అక్షరాలు వంకర పోతున్నాయి. చాలు.

జూన్ 11
కట్టు విప్పారు. నర్సు వేళ్ళు చూపించి "ఎన్నండీ?" అంది. నేను ఆమె వెనక గోడనే చూస్తున్నాను. ఇంత తెలుపు ఉందా! ఏడుపొచ్చింది.

ఎదురింటి రహీమా కుట్టుపని మానుకుని నిన్నా ఈరోజూ నా వెంటే ఉంది. జగ్గయ్యపేటకు తిరిగి వస్తూ చిల్లకల్లు దగ్గర ఆటోలోంచి ఆకాశం చూపించాను. "రోజూ ఉండేదేగా అక్కా" అని నవ్వింది. నాకు లేదు, చాలా కాలంగా.

ఇంటికి రాగానే బొమ్మ మీది గుడ్డ తీశాను.
కృష్ణుడి మీద సిరా ఒలకబోసినట్టుంది.

జూన్ 12
డాక్టరుగారికి ఫోన్ చేశాను. శుక్లం ముదిరితే అన్నీ పసుపు పట్టినట్టు కనిపిస్తాయట, నీలం వెలిసినట్టు ఉంటుందట. అదీ సంగతి. చాలలేదనుకుని పూసిందే పూశాను. గోడకున్న రాముడూ, శివుడి కంఠమూ — అన్నీ అంతే.

రహీమా నా కంట్లో చుక్కలు వేస్తూ మెల్లగా అంది: "పిల్లోడికి నీలం ఎక్కువైందని ఎప్పుడో అనిపించింది. దేవుడు గదా, కావాలనే వేసావనుకున్నా."

కోపం రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం, నేను కన్ను నలపకుండా.

జూన్ 15
వంగకూడదన్నారని నా కుంచెలు కూడా రహీమానే కడిగింది. పప్పుచారు తెచ్చింది. ఏమిచ్చి...

జూన్ 18
ఎడమకంటికి వచ్చే నెలలో చేస్తారు. అందాకా కుడికన్ను మూస్తే నా పాత కన్నయ్య, మబ్బులా మెత్తగా. తెరిస్తే ఈ సిరా. యశోద మాత్రం ఎలా చూసినా యశోదే. చూపు పోతుందేమోనని వణుకుతూ వేసిన ముఖం అది. అంత ప్రేమ ఇదివరకెప్పుడూ నా చేతికి రాలేదు. కన్ను దక్కింది, బొమ్మా దక్కింది. పొద్దున్నే ఆమె ముందు నిలబడి దండం పెట్టుకున్నాను.

జూన్ 20
రేపు పొద్దున ప్రదర్శన వాళ్ళ బండి వస్తుంది. పిల్లవాడి ఒంటికి కొత్త రంగు కలిపాను. లేతగా, సరిగ్గా కుదిరింది. కుంచె ఎత్తేసరికి గుమ్మంలో రహీమా.

"ముట్టుకోమాక అక్కా. బొమ్మ వేసేటప్పుడు నీకు కనపడ్డ దేవుడు ఆయనే. ఇప్పుడు మార్చేస్తే ఆయన ఏమైపోతాడు?"

తను వెళ్ళిపోయి చాలాసేపయింది. పళ్ళెంలో రంగు అంచుల్లో ఆరుతోంది. బొమ్మను ముట్టుకోలేదు. రంగు పారబొయ్యనూ లేదు...