జేబులో పంచదార బిళ్ళలు

చిన్నోడా,

మీ క్యాంపుకి ఫోను అందదు. రేషను లారీ కదిలితేనే ఉత్తరమూ కదులుతుంది. కాబట్టి ఈ కబురు నీకు చేరేసరికి ఇక్కడ సంగతి ఏమవుతుందో నాకే తెలియదు. సొరంగంలో కరెంటు తీగలతో పని నీది, పని మధ్యలో చదవకు. కూర్చుని చదువు.

మన గుమస్తాకి చక్కెర జబ్బు వచ్చింది. నవ్వొద్దు. మేడ మీది వాళ్ళు ఇప్పటికే నవ్వారు, పెంచినావిడ జబ్బే పిల్లికీ వచ్చిందని. నా కుట్టు మిషను పక్కన కూర్చుని పని లెక్క చూస్తాడని అమ్మ వాడికి ఆ పేరు పెట్టిందా, ఇప్పుడు బల్ల మీదికి ఎక్కబోయి జారి పడుతున్నాడు. గిన్నెలో నీళ్ళు చాలక ఇస్త్రీకని పెట్టుకున్న నీళ్ళు కూడా తాగేస్తున్నాడు. ఎంత తిన్నా వెన్నెముక చేతికి తగులుతోంది.

పశువుల డాక్టరమ్మ ఇన్సులిను మందు రాసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రోజూ అదే వేళకి. ముందు తిండి, ఆ తర్వాతే సూది. తినకపోతే సూది వేయకుండా ఆమెకి ఫోను చేయాలి. గట్టి గింజల తిండి బంద్, మెత్తటి మాంసం డబ్బా తిండే పెట్టాలి. చెవి అంచున గుచ్చి రక్తం చుక్క తీసి మీటరులో చూడాలి. మెడ వెనక చర్మాన్ని కుచ్చులా పట్టి సూది దించుతుంటే వాడు కదలడు గానీ, నా గుండె కదులుతుంది.

సిరంజిలు కొనుక్కోమంది. బీరువాలో అమ్మవి, సీలు విప్పనివి, పారేయడానికి మనసొప్పక దాచినవి ఉన్నాయిగా. ఉండగా కొనడమెందుకు? అమ్మకి అన్నేళ్ళు సూది వేసిన చెయ్యి నాది.

నా భయమల్లా నాన్న గురించి. అమ్మ పోయాక ఆయన నోరు విప్పేది గుమస్తా దగ్గరే. పేపరు కూడా వాడికి వినపడేలా చదువుతాడు. చక్కెర దిగకపోతే వెనక కాళ్ళు పడిపోతాయని, ఆపైన ప్రాణానికి తాను పూచీ పడలేనని డాక్టరమ్మ అన్నప్పుడు నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

వేళకి తిను. నీదీ మన అమ్మ రక్తమే.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నవ్వలేదు. నీ ఉత్తరం చదివాక ఆ పూట అన్నం సయించలేదు. చివరి రోజుల్లో అమ్మ పక్కలోంచి ఎవరు లాగినా గుమస్తా కదల్లేదు, గుర్తుందా? మందు నీ చేతిలో ఉంది కనుక నాకు ధైర్యంగానే ఉంది. కొలత తప్పడం నీ చరిత్రలో లేదు.

ఒక్కటి మాత్రం చూసుకో. నాన్న భోజనం బల్ల కింద చెయ్యి ఊరికే ఉండదు. మీగడ, బిస్కెట్ ముక్క, ఏది దొరికితే అది కిందికి జారుతుంది. అమ్మ వంద సార్లు పట్టుకుంది. ఆయనది ప్రేమే, కాదనను. కానీ ఇప్పుడు ఆ ప్రేమ విషం. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వే పట్టుకోవాలి.

ఇక్కడ కొండ రాయి గట్టిగా తగిలి పని ఆగింది. లారీ వచ్చిన ప్రతిసారీ ముందుగా పరిగెత్తేవాడిని నేనే.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

నువ్వన్నట్టే అయింది. కాకపోతే బాగుండేది.

చక్కెర దిగలేదు. డాక్టరమ్మ మందు ఒక గీత పెంచింది, కొన్నాళ్ళు చూసి ఇంకో గీత, ఆపైన మరొకటి. ఇప్పుడు నాలుగు గీతలు. అయినా చెవి చుక్క పెట్టిన ప్రతిసారీ మీటరు వెక్కిరిస్తోంది. గుమస్తా వెనక కాళ్ళ మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు. ఇంట్లో వాడికి ఇంకేమైనా పెడుతున్నారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. అడిగిన తీరులోనే నమ్మకం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

నిన్న చొక్కాలు నానబెట్టే ముందు నాన్న జేబులు తడిమాను. పంచదార బిళ్ళలు రెండు, కాగితంలో చుట్టి ఉన్నాయి. మిగతా చొక్కాలూ చూశాను. వాటిలోనూ ఉన్నాయి.

తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. వాటిని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇవెందుకని అడిగితే వాటిని మళ్ళీ కాగితంలో చుట్టబోయాడు. మళ్ళీ అడిగితే, "నేను వాడికి పెట్టలేదమ్మా" అన్నాడు. అంతే. పెట్టకపోతే జేబులో ఎందుకున్నాయో మాత్రం చెప్పడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, మన ఇంట్లో పిల్లి కాదు, పెద్దాయన మూసుకున్నాడు.

కోపం రాలేదనను. ఏడుపు కూడా వచ్చింది. ఏం చేయను?

అక్క

*

అక్కా,

లారీ తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉంది, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

వంటగది అల్మరాకి తాళం వెయ్యి. పంచదార, పాలు, బిస్కెట్లు, అన్నీ లోపల పెట్టు, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. మొహమాటపడ్డావో గుమస్తా దక్కడు. ఈ కింది ముక్క నాన్నకి చదివి వినిపించు: "నాన్నా, అమ్మ మనకి వదిలి వెళ్ళిన ప్రాణం అదొక్కటే. నీ చేతులారా దాన్ని చంపుకోకు."

గట్టిగా ఉండు.

చిన్నోడు

*

చిన్నోడా,

మొదటే చెప్తున్నాను, గుమస్తా బతికే ఉన్నాడు. ఇది రాస్తుంటే కాగితం మీద కాలు పెట్టాడు, ఆ మరక వాడిదే. ఇక మిగతాది విను.

నువ్వు చెప్పినట్టే తాళం వేశాను, నాన్న జేబుల్లోని బిళ్ళలూ లాక్కుని లోపల పెట్టాను. నీ ముక్క చదివి వినిపించాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఆ రోజు నుంచి పేపరు పైకి చదవలేదు.

ఈలోగా అమ్మ సిరంజిలు అయిపోయాయి. డాక్టరమ్మ దగ్గరే కొత్తవి కొన్నాను. పొద్దున గుమస్తా శుభ్రంగా తిన్నాడు. కొత్త సిరంజితో నాలుగు గీతల మందు వేసి, కుట్టిన నర్సుల యూనిఫాంలు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి వంటగది నిండా పంచదార. అల్మరా తాళం పగిలి ఉంది, నా ఇస్త్రీపెట్టె నేల మీద పడి ఉంది. దాంతోనే కొట్టాడు నాన్న. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికి ఏమొచ్చిందో అదే అన్నాను: "ఇప్పుడు తాళాలు కూడా పగలగొడుతున్నావా నాన్నా?"

ఆయన తల ఎత్తలేదు. నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుమస్తా మెడ వాల్చేసి, కాళ్ళు కొట్టుకుంటూ ఉన్నాడు. నాన్న పంచదార నీళ్ళలో వేలు ముంచి వాడి చిగుళ్ళకి రాస్తున్నాడు.

"మీ అమ్మకీ ఇలాగే అయ్యేది. చక్కెర పడిపోయిందమ్మా. ఆటో పిలువు," అన్నాడు.

డాక్టరమ్మ రక్తం చూసి గ్లూకోజు సెలైను పెట్టింది. సాయంత్రానికి గుమస్తా తల ఎత్తాడు. అప్పుడు ఆమె పొద్దున వేసిన సిరంజి చూపించమంది, అంతకు ముందు దేంతో వేశావంది. సంచిలో అమ్మ సిరంజి వాడేసినది ఒకటి మిగిలి ఉంది, తీసి ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి నన్నే చూడమంది.

గీతలు వేరు, చిన్నోడా. అమ్మ మందు చిక్కన, గుమస్తా మందు పలచన. దేని సిరంజి మీద గీతలు దానికే. అమ్మ సిరంజిలో నాలుగు గీతల దాకా లాగినా వాడి ఒంట్లోకి వెళ్ళింది రెండు గీతల మందు కూడా కాదు. అందుకే చక్కెర దిగలేదు, అందుకే ఆమె పెంచుకుంటూ పోయింది. సరైన సిరంజి వచ్చిన పూట మొత్తం మందు ఒక్కసారిగా పడింది. అంగుళాల కొలత రాసుకుని సెంటీమీటర్ల టేపుతో కత్తిరించినట్టు. వేరే దర్జీ అలా చేస్తే వారం రోజులు నవ్వి ఉండేదాన్ని.

వాడికి ఎవరూ ఏమీ పెట్టలేదు. ఒక్క బిస్కెట్ ముక్క కూడా.

డాక్టరమ్మ గది బయట బెంచీ మీద నాన్న పక్కన కూర్చున్నాను. మరి ఆ బిళ్ళలు దేనికి నాన్నా అన్నాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "మీ అమ్మకి బజార్లో కళ్ళు తిరిగేవి కదా, ఎప్పుడూ జేబులో ఉంచుకునేవాణ్ణి. ఇప్పటికీ పొద్దున చొక్కా తొడుక్కోగానే చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది. ఆవిడ లేదని చేతికి ఎవరూ చెప్పలేదమ్మా. నీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది."

ఆ బిళ్ళలే లాక్కున్నాను. అవే జేబులో ఉండి ఉంటే తాళం పగలగొట్టే పని ఉండేది కాదు. వాడు అంతసేపు కొట్టుకునేవాడూ కాదు.

తాళం వెయ్యమన్నది నువ్వు, వేసింది నేను. చదివి వినిపించమన్నది నువ్వు, వినిపించింది నేను. ఎవరి వాటా వాళ్ళం తీర్చుకోవాలి. నువ్వు ఈసారి నాకు రాయకు, నాన్నకి రాయి.

మందు మళ్ళీ ఒక్క గీత నుంచి మొదలుపెట్టింది డాక్టరమ్మ. ఈ ఉదయం మీటరు మొదటిసారి మంచి మాట చెప్పింది. మడమలు లేవడానికి కొన్నాళ్ళు పడుతుందట.

క్షమించమని నాన్నని నోటితో అడగలేకపోయాను. నాకు చేతనైంది కుట్టు. ఆయన చొక్కాలన్నిటికీ లోపలి వైపు, గుండె దగ్గర, బొత్తాంతో చిన్న జేబు కుట్టి మడిచి పెట్టాను. పొద్దున నాన్న చొక్కా తొడుక్కున్నాడు. లోపల ఏదో తగిలితే తడిమి చూసుకున్నాడు. బొత్తాం విప్పాడు, పెట్టాడు. నేను మిషను మీంచి తల ఎత్తలేదు.

"పంచదార డబ్బా ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు.

అక్క