మన వీధిలో నూట ముప్పై మంది

సిరిసిల్ల,
ఆదివారం.

భివండిలో ఉన్న శ్రీవారికి బాలలక్ష్మి నమస్కరించి రాయునది. నా ఒంట్లో బాగానే ఉంది. మీరూ వేళకు తింటూ బాగున్నారని తలుస్తాను.

రేకులు కురుస్తున్నాయా అని అడిగారు. లేదు, పోచయ్య మామ వచ్చి తారు పూసి వెళ్లాడు. ఎదురింట్లో సాంచాల మీద బట్ట నేస్తున్నారా అని కూడా అడిగారు. రెండు నెలలుగా అవి ఆగిపోయాయి. రాజక్క వాళ్లు సూరత్ వెళ్లిపోయారు. ఆ చప్పుడు లేక పట్టపగలు కూడా గోడ గడియారం వినిపిస్తోంది.

మా అంగన్‌వాడీ టీచర్లకు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని రాసే పని పడింది. పట్నంలో ఇంతమంది, రాష్ట్రంలో ఇంతమంది అని పైనుంచి ముందే అంచనాల కాగితం వచ్చింది. దాని ప్రకారం మన వీధిలో రెండు వందల పది మంది ఉండాలి. మూడుసార్లు తిరిగినా నాకు నూట ముప్పై ఒకటి దాటలేదు. ఆ మాటే మా లెక్కలు సరిచూసే సారుకు చెప్పాను.

"తక్కువ రాస్తే ఎట్లమ్మా? నీ వీధి తగ్గితే పట్నం తగ్గుతది, పట్నం తగ్గితే రాష్ట్రం తగ్గుతది. పైనోళ్లకు నేనేం జెప్పాలె?"

"అంచనానే తప్పని చెప్పుండ్రి సారూ. ఇరవై మూడిండ్లకు తాళాలున్నయి. అండ్ల ఎవలను రాయాలె?"

"జనం లేకుంటే నీ అంగన్‌వాడీ కూడా ఉండది, యాదికుంచుకో."

అయినా దిద్దనన్నాను. ఆయన విసురుగా కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"గీ ఇంట్ల ఇద్దరా? గీ పోశం ఎవలు?"

"మా ఆయన."

"ఏడున్నడు?"

"భివండిల."

"ఎన్నేండ్లాయె?"

ఇది మీకు రాయకూడదనుకున్నాను. ఆరు నెలలుగా ఊళ్లో లేనివాళ్లను రాయకూడదని గడపగడపకూ చెప్పింది నేనే. కొడుకు పేరు రాయమని ముత్తవ్వ ఏడ్చినా రాయలేదు. మన ఇంటికి వచ్చేసరికి మాత్రం, నోటితో ఎన్నడూ పలకని మీ పేరు మొదటి వరుసలో రాసుకున్నాను. మూడేళ్లుగా ఒక్కదాన్నే ఉన్నానని నా చేత్తో నేనే రాయలేకపోయాను.

సారు ముందే మీ పేరు కొట్టేశాను. నూట ముప్పై అయింది. ఆయన ఆ లెక్క కిందే సంతకం పెట్టాడు. మా కేంద్రం మూసేస్తారట, నన్ను తంగళ్ళపల్లికి పంపుతారట. దానికి నాకు బాధ లేదు.

మీ కార్ఖానాకు జనాన్ని రాసేవాళ్లెవరైనా వచ్చారా? వస్తే, పనిలో ఉన్నా వదిలి వెళ్లి పేరు చెప్పండి. అక్కడా రాయకపోతే మీరు ఎక్కడా లేనట్టే. పెళ్లయిందా అని కూడా అడుగుతారు. అయిందని చెప్పండి.

ఇట్లు,
మీ ఇంటిది
బాలలక్ష్మి