పెళ్లికి ముందు పీకించిన పళ్ళు

గ్రోనింగెన్, నెదర్లాండ్స్, 9 అక్టోబరు 1996

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపడకు.

నిన్న ల్యాబులో పుచ్చిన పళ్ళనూ మంచి పళ్ళనూ పోల్చి చూశాం. పంటికి మరమ్మతు చేయించే గ్రోత్ ఫ్యాక్టర్లు పుచ్చినవాటిలోనే ఎక్కువున్నాయి. "పుచ్చిన పన్ను ఊరికే కూర్చోదమ్మాయ్, లోపల గోడ కట్టుకుంటూనే ఉంటుంది" అన్నారు మా ప్రొఫెసరు. నాకు నువ్వే గుర్తొచ్చావు. నీకు పుచ్చినవి రెండే. అయినా రేపు అల్లుడికి పళ్ళ డాక్టరు ఖర్చు ఉండకూడదని తాతయ్య పద్దెనిమిదేళ్లకే నీ పళ్ళన్నీ పీకించి, పెళ్లికానుకగా కట్టుడు పళ్ళు పెట్టించాడు. ఊరంతా మెచ్చుకుందని నువ్వే గర్వంగా చెప్పేదానివి.

నా ఉన్ని కోటు పంపించు. యాపిల్స్ కోశారా? నీ వంతు పళ్లు ఎప్పట్లాగే మెత్తగా ఉడకబెట్టుకున్నావా? నాన్నను అడిగానని చెప్పు. అరవై ఐదేళ్లకూ ఆయన సొంత పళ్ళతోనే కొరుక్కు తింటున్నారుగా.

నీ రూలీ