బాతుపిల్ల పుస్తకానికి ఇంకొక్క పేజీ

అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం, కంగారు పడకు.

నీ మనవరాలు కొహరు తిరునాళ్ళలో తప్పిపోయిందని విని నువ్వు గీసి పంపిన బాతుపిల్ల పుస్తకం దానికి ప్రాణం. తల్లిని వదిలిన పిల్ల ఏడ్చే బొమ్మ రాగానే నా చెయ్యి పట్టేసుకుంటుంది. నిన్న బడిలో సునామీ వస్తే ఏం చెయ్యాలో నేర్పారు. గంట మోగగానే పిల్లలందరూ కొండెక్కారు. ఇది మాత్రం గేటు దగ్గరే కూర్చుండిపోయింది. “అమ్మ రాకుండా నేను రాను! బాతుపిల్లకి ఏమైందో మీకు తెలీదా?” అని టీచరునే కసిరిందట.

అది విని మా అత్తగారు అన్నం ముందునుంచి లేచిపోయారు. “అప్పటి సునామీలో నా పెద్దది కూడా ఇలాగే నాకోసం గుమ్మంలో ఆగిపోయింది, తమాకీ” అన్నారు.

కొండల్లో ఉన్న నీకు సముద్రం సంగతి తెలీదు, నీ తప్పేం లేదు. పుస్తకం దాచేస్తే పిల్ల ఊరుకోదు. చివర ఇంకొక్క పేజీ గీసి పంపు. నీళ్ళొచ్చినప్పుడు బాతుపిల్ల ఎవరికోసమూ ఆగకుండా కొండెక్కెయ్యాలి.

నాన్న మోకాలు ఎలా ఉంది? ముల్లంగి ఊరగాయ పెట్టావా? ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

నాకోసం ఆగొద్దంటే “పైన నువ్వుంటావా?” అని కొహరు అడిగింది. ఉంటానని మాటిచ్చేశాను. ఆ పేజీలో కొండమీద తల్లిబాతును కూడా గియ్యమ్మా.

నీ తమాకి