తెర మీద మన ప్రసన్నం

బందరు,
సెప్టెంబరు 1959.

మద్రాసులో ఉన్న నా భర్త దేవదానం గారికి రత్నకుమారి నమస్కరించి రాస్తున్నది.

దేవుని దయవల్ల అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీరూ వేళకింత తిని ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. కాలవలు నిండుగా పారుతున్నాయి, ఈసారి ఊడ్పులు తొందరగానే అయ్యాయి. మీ దగ్గు సంగతి రాయలేదు. స్టూడియోలో రంపపు పొట్టు పీల్చకుండా ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాను, కట్టుకుంటున్నారా?

ఆ సినిమా బందరు వచ్చిందా, జనం ఏమంటున్నారు అని వెనకటి ఉత్తరంలో అడిగారు. ఆ కిందే, నువ్వు మాత్రం చూడొద్దని రాశారు. ముందు జనం మాట చెబుతాను.

జనం విరగబడి చూశారండీ. పెళ్లికాని మగవాళ్లంతా అద్దెకున్న ఇంట్లో ఎవరో పసివాణ్ని బుట్టలో వదిలిపోవడం, ఇంటాయన కంటపడకుండా వాణ్ని దాచలేక వాళ్లు నానా అవస్థలూ పడటం, ఇంతే కదా కథ. పిండి డబ్బాలో దాచినప్పుడు వాడు తుమ్మే తుమ్ము ఇప్పుడు మన వీధిలో పిల్లలందరి ఆట. ఎదురింటి కోదండరామయ్య గారు మాత్రం, "కథేముందండీ అందులో? పసిగుడ్డుని అడ్డం పెట్టుకుని లాగించేశారు" అని అమ్మతో అన్నారు. ఆ మాట అనడానికి ముందే ఆయన రెండోసారి చూసొచ్చారు. పాస్టరమ్మ గారు గుడి మెట్ల మీద, "మంచి మాట ఒక్కటీ లేదు గానీ, ఎన్నాళ్లకో కడుపారా నవ్వానమ్మా" అని, నా మొహం చూసి చప్పున ఊరుకున్నారు. బిడ్డ పోయినదాని ముందు నవ్వు మాట ఎత్తానే అనుకున్నారు కాబోలు. అంతకుమించి ఆవిడకేమీ తెలియదు.

కుళాయి దగ్గరైతే తగువే. ఒకావిడ కవలపిల్లలతో తీశారంటుంది. ఇంకొకావిడ, కాదు, ఆడపిల్లకి మగపిల్లాడి వేషం వేశారంటుంది. మేడ మీంచి పడేది చెక్కబొమ్మ అంటే ఒక్కరూ ఒప్పుకోరు. దాన్ని చెక్కింది మీరేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి పక్కింటి ప్రభావతి, "చూస్తూ ఉండండే, ఈ బుడ్డోడు పెద్దయ్యాక హీరో అవుతాడు" అంది. బిందె నిండి నీళ్లు కాళ్ల మీద పొర్లుతుంటే నేనలా నిలబడిపోయాను.

వాడు మన ప్రసన్నమని వీళ్లెవరికీ తెలియదు. షూటింగు అయిన కొన్నాళ్లకే కంఠసర్పి వచ్చి పోయాడనీ, తాము నవ్వేనాటికి వాడు మట్టిలో ఉన్నాడనీ తెలిస్తే నవ్వగలరా? అమ్మ ఎవరితోనూ అనలేదు. నేనూ అనలేదు. నవ్వుకోనీలెండి.

ఇప్పుడు నా మాట. మీరు వద్దన్నా వెళ్లాను. స్త్రీల కూడిక ఉందని అమ్మతో చెప్పి మ్యాట్నీకి వెళ్లాను.

నేను స్టూడియోకి మీకు క్యారియరు తెచ్చిన రోజు గుర్తుందా? వేషానికని అద్దెకు తెచ్చిన బిడ్డ ఆ నటుడి పెట్టుడు మీసాలు చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే, నా చంకలో వీడు నవ్వాడు. డైరెక్టరు గారు ఇటు తిరిగి, ఈ బిడ్డే కావాలన్నారు. సినిమాలో ఆ మీసాలాయన వీణ్ని ఎత్తుకుని తలుపు చాటున దాక్కున్నప్పుడు, వీడు రెండు చేతులూ చాచి కిలకిలా నవ్వుతాడు. మీసం పీకబోతున్నాడని హాలంతా ఈలలు. వాడు చేతులు చాచింది నాకండీ. ఆ వేళ నేను కెమెరా పక్కన నిలబడి ఉన్నాను. హాల్లో కూర్చున్నా వాడు సరిగ్గా నా వైపే చూస్తున్నాడు. నా చేతులు నాకు తెలియకుండానే లేచాయి.

పక్కన చేపలమ్మే ముత్యాలమ్మ అనే ఆవిడ కూర్చుంది. గిలకలదిండి మనిషి. అందరూ నవ్వుతుంటే ఆవిడ నవ్వలేదు.

"ఆడు మీసం కేసి సూడట్లేదమ్మా. ఆడి సూపు పక్కకుంది. అక్కడ ఆళ్లమ్మ నిలబడి ఉంటది" అంది.

బందరంతా చూసిన సినిమాలో ఆ ఒక్క మనిషికే అది కనబడింది. నేను ఆగలేకపోయాను. "వాళ్లమ్మని నేనే" అన్నాను.

ఆవిడ నా చేయి పట్టుకుంది. "ఇప్పుడేడమ్మా బాబు?"

"మద్రాసులో ఉన్నాడు. వాళ్ల నాన్న దగ్గర" అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. అన్నాక మాత్రం ప్రాణానికి చల్లగా అనిపించింది. అప్పటినుంచీ మళ్లీ మళ్లీ వెళ్లాను. ఇంట్లో బియ్యం ఏరుతున్నా, గుడిలో కళ్లు మూసుకున్నా ఆ హాలు నవ్వే వినబడుతుంది. దాని అడుగున సన్నగా వీడి నవ్వు. కృపానందం మావయ్యకి జ్వరమని గుడివాడ వెళ్లానని రాశాను కదా. జ్వరం నిజమే. సినిమా అక్కడికి మారడమూ నిజమే.

పోయిన వారం అవనిగడ్డ టూరింగు టాకీసుకి వచ్చిందని విని బస్సెక్కాను. తలుపు చాటు సీను వచ్చింది. మీసాలాయన వాణ్ని ఎత్తుకున్నాడు. తెర ఒక్కసారి అదిరింది. అంతే, తెర మీద తర్వాతి సీను, అందరూ వీధిలో పరిగెడుతున్నారు. వాడు చేతులు చాచలేదు. ఆట అయ్యాక ఆపరేటరుని అడిగాను.

"రీలు అరిగిపోయిందమ్మా. తెగిన చోటల్లా ముక్క తీసేసి అతికిస్తాం. అయినా జనం నవ్వు తగ్గలేదుగా" అన్నాడు.

"ఆ ముక్క ఉందా?"

"ఎక్కడుంటదమ్మా, ఊడ్చి పారేస్తాం."

నిజమే, జనం నవ్వు తగ్గలేదు. నేను బయటికొచ్చి టెంటు తాడు పట్టుకుని నిలబడి ఏడ్చాను. మద్రాసులో ఆ పెట్టె మూసినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ముత్యాలమ్మ ఇప్పుడు మన వీధికీ వస్తోంది. నిన్న ఎండురొయ్యల పొట్లం ఇచ్చి, "మీ ఆయనకి పంపమ్మా. పిల్లోడు ఎలాగున్నాడో రాయమను" అంది. పొట్లం పట్టుకుని లోపలికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆవిడతో చెప్పింది అబద్ధమే. కానీ వాడు మద్రాసులోనే ఉన్నాడు కదండీ. నాకన్నా మీకే దగ్గర. సమాధుల తోట ఎదురైతే వేరే వీధిన వెళ్తున్నానని రాశారు. ఆ మాటకి నేను మిమ్మల్ని తప్పుపట్టను. నేను మాత్రం వాడి సమాధి వదిలి తెర మీది వాడి చుట్టూ తిరగలేదా? ఈ ఆదివారం ఒక్కసారి వెళ్లండి. గడ్డి పెరిగితే పీకండి. కాసేపు కూర్చోండి. వాడెలా ఉన్నాడో నాకు రాయండి. మీ జవాబు రాగానే ముత్యాలమ్మకి నిజం చెప్పి, బండెక్కి మీ దగ్గరికి వస్తాను.

ఇట్లు,
మీ రత్నకుమారి,
ప్రసన్నం తల్లి.